గాలిలో మీట నొక్కే కాలం వస్తోంది: అది ఎవరి వేలికి తెలుస్తుంది?



పెద్ద ఆసుపత్రుల ప్రవేశద్వారం దగ్గర టోకెన్ ఇచ్చే యంత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. జ్వరంతో వచ్చినవారు, దగ్గుతో వచ్చినవారు, చంకన పసిబిడ్డతో వచ్చినవారు, అందరూ అదే గాజు పలకను వేలితో తాకుతారు. తరువాత అదే వేలితో కళ్ళు నులుముకుంటారు, ముక్కు తుడుచుకుంటారు. కరోనా రోజుల్లో ఆ పలకలను మనమంతా అనుమానంగా చూశాం. ఇప్పుడు ఆ సంగతి మరచిపోయాం.

ఆ పలకను తాకనవసరం లేదని, దానికి జానెడు ఎత్తున గాలిలో వేలు ఉంచితే చాలునని, పైగా అక్కడ గాలిలోనే మీట నొక్కినట్టు వేలికి తెలుస్తుందని ఎవరైనా చెబితే మీరు నమ్ముతారా? నమ్మవచ్చు. అతిధ్వని తరంగాలను, అంటే మన వాడుకలోని అల్ట్రాసౌండ్‌ను, ఒక బిందువు మీద కేంద్రీకరించి చర్మానికి స్పర్శ కలిగించే యంత్రాలు ఇప్పటికే తయారయ్యాయి. ప్రయోగశాలలు దాటి విపణిలోకి కూడా వచ్చాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆసుపత్రులలో ఈ సాంకేతికతను నేను ఆహ్వానిస్తున్నాను. అయితే ఏ బహిరంగ స్థలంలోనూ అది ఏకైక మార్గం కాకూడదు. ఎందుకంటే ఆసుపత్రికి ఎక్కువగా వచ్చే వృద్ధులలోను, మధుమేహ రోగులలోను చాలామందికి ఆ స్పర్శ సరిగా తెలియకపోవచ్చు. ఈ మాటకు ఆధారం అర్థం కావాలంటే మొదట ఆ యంత్రం పనితీరును తెలుసుకోవాలి.

శబ్దం తాకగలదా?

వినాయక నిమజ్జనం ఊరేగింపులో డీజే పెట్టెల ముందు నిలబడినవారికి ఈ ప్రశ్న అవసరం లేదు. చెవులు మూసుకున్నా రొమ్ము అదురుతుంది. శబ్దం అంటే గాలిలో పరుగెత్తే ఒత్తిడి. ఆ ఒత్తిడి బలంగా ఉన్నప్పుడు చెవికే కాదు, చర్మానికీ తెలుస్తుంది. మన తర్కశాస్త్రం వాయువును రూపం లేనిది, స్పర్శ గలది అని నిర్వచించింది. ఈ విషయం చదివినప్పుడు నాకు ఆ నిర్వచనం గుర్తుకు వచ్చింది. అయితే దీనిని పట్టుకొని మన పూర్వులకు అల్ట్రాసౌండ్ తెలుసునంటూ వాట్సాప్ సందేశాలు పంపవద్దని మనవి.

మానవుని చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. గాలిలో స్పర్శ కలిగించే యంత్రాలు సాధారణంగా 40 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 40,000 కంపనాల ధ్వనిని వాడతాయి. ఒక పలక మీద రూపాయి నాణెం కన్నా చిన్నవైన స్పీకర్లు వందలకొద్దీ వరుసగా అమర్చి ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా చేసేది ఏమీ లేదు. అన్నింటి తరంగాలూ ఒకే చోట, ఒకే క్షణాన కలిసినప్పుడే బలం పుడుతుంది.

పెళ్ళికి బయలుదేరే బంధువులను తలచుకోండి. అందరూ సరిగ్గా ముహూర్తానికి మండపం చేరాలంటే దూరపు ఊరివారు ముందుగాను, దగ్గరి ఊరివారు వెనుకగాను బయలుదేరాలి. ఈ యంత్రంలో కంప్యూటర్ చేసే లెక్క అదే. మీ అరచేయి ఎక్కడ ఉన్నదో కెమెరా చూస్తుంది. ఆ స్థానానికి ఏ స్పీకరు ఎంత దూరమో కంప్యూటర్ లెక్కగట్టి, దూరపు స్పీకర్లను ముందు, దగ్గరివాటిని క్షణంలో అతి స్వల్ప భాగం తరువాత మోగిస్తుంది. తరంగాలన్నీ మీ అరచేతి మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 8.5 మిల్లీమీటర్లు కనుక, ఆ బిందువు కూడా వేలికొన అంత పరిమాణంలో ఉంటుంది.

టోక్యో విశ్వవిద్యాలయంలో హిరోయుకి షినోడా బృందం 2008లో 91 చిన్న స్పీకర్లతో ఇటువంటి పరికరాన్ని ప్రదర్శించింది. అదే బృందం 2010లో 324 స్పీకర్లతో చేసిన పరికరం కలిగించిన బలం సుమారు 16 మిల్లీన్యూటన్లు. అంటే చిటికెడు బియ్యం గింజలు అరచేతిలో పెట్టినంత బరువు. 2013లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకేసారి అనేక బిందువుల దగ్గర వేర్వేరు స్పర్శలు కలిగించి చూపారు. ఆ పరిశోధన నుంచే అల్ట్రాహాప్టిక్స్ అనే సంస్థ పుట్టింది. 2019లో అది చేతి కదలికలను గుర్తించే లీప్ మోషన్ సంస్థను కలుపుకొని అల్ట్రాలీప్‌గా పేరు మార్చుకుంది.

ఇది గర్భిణులకు చేసే స్కానింగ్ కిరణమేనా అని ఒక సందేహం రావచ్చు. రెండూ ధ్వని తరంగాలే, కిరణాలు కావు. కానీ స్కానింగులో వాడే ధ్వని సాధారణంగా 2 నుంచి 15 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఇక్కడ వాడేదానికన్నా అది కనీసం యాభై రెట్లు ఎక్కువ. స్కానింగుకు ముందు పొట్ట మీద చల్లని జెల్ ఎందుకు రాస్తారో తెలుసా? పరికరానికీ చర్మానికీ మధ్య గాలి ఉంటే ధ్వని దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. జెల్ ఆ గాలిని తొలగిస్తుంది. ఈ కొత్త యంత్రం సరిగ్గా ఆ తిరిగిపోవడం మీదే ఆధారపడింది. గాలి గుండా వచ్చిన తరంగశక్తిలో దాదాపు 99.9 శాతం చర్మం నుంచి వెనక్కి మళ్ళుతుంది. అలా మళ్ళుతూ చర్మాన్ని నెడుతుంది. ఆ నెట్టుడే మనకు తెలిసే స్పర్శ.

చర్మానికి తెలిసేది ఏమిటి?

ఇక్కడ వైద్యుడు చెప్పవలసిన మాట ఒకటుంది. సెకనుకు 40,000 కంపనాలను మన చర్మం గుర్తించలేదు. అందుచేత యంత్రం ఆ ధ్వని తీవ్రతను సెకనుకు సుమారు 200 సార్లు పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఆ 200 అనే సంఖ్య యాదృచ్ఛికం కాదు. మన అరచేతి లోతు పొరలలో పాసీనియన్ కణికలనే స్పర్శ గ్రాహకాలు ఉంటాయి. 19వ శతాబ్దంలో వీటిని వర్ణించిన ఇటలీ వైద్యుడు ఫిలిప్పో పాసీని పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. 1854లో కలరా క్రిములను సూక్ష్మదర్శినిలో చూసినది కూడా ఆయనే. ఉల్లిపాయ పొరల్లా ఉండే ఈ కణికలు సెకనుకు 200 నుంచి 300 వరకు ఉండే కంపనాలకు అత్యంత సున్నితంగా స్పందిస్తాయి. చిటికెడు బియ్యమంత బరువు కదలకుండా ఉంటే మనం పట్టించుకోము. అదే బరువు 200 సార్లు అదిరితే స్పష్టంగా తెలుస్తుంది.

కనుక ఈ యంత్రం మీకు మీటను ఇవ్వడం లేదు. మీ నాడులలో కంపనాన్ని గుర్తించే ఒక్క మార్గాన్ని తట్టి, ‘నీ ఆజ్ఞ అందింది’ అని కబురు చెబుతోంది. వెచ్చదనం లేదు, గట్టిదనం లేదు, గరుకుదనం పూర్తిగా లేదు. దీనిని సంకేతమని అనడం సముచితం.

ఆ సంకేతం వల్ల ఎవరికి మేలు?

శస్త్రచికిత్స గదిలో చేతులు శుభ్రపరచుకొని గ్లవుజులు తొడుక్కున్న సర్జను స్కానింగు చిత్రాన్ని పెద్దది చేసి చూడాలంటే తెరను తాకకూడదు. ఎవరినో పిలిచి, ఇంకొంచెం పైకి, ఇంకొంచెం కిందికి అని చెప్పవలసి వస్తుంది. గాలిలో చేయి కదిపి చిత్రాన్ని మార్చే పరికరాలు ఉన్నాయి. ఆజ్ఞ అందినట్టు చేతికి తెలిస్తే, సర్జను పదేపదే తెర వైపు చూడనవసరం ఉండదు. వాహనం నడిపేవారికీ ఇదే వర్తిస్తుంది. పెద్ద తెరలున్న కార్లలో ఏసీ తగ్గించడానికి కూడా చూపు రోడ్డు మీద నుంచి మళ్ళించవలసి వస్తోంది. ఆ ఒక్క క్షణం ఖరీదు ఎంతో ప్రమాద బాధితులకు చికిత్స చేసిన ఏ వైద్యుడైనా చెప్పగలడు.

అంధులకు కలిగే మేలు మరింత ముఖ్యమైనది. నున్నని గాజు తెర వారి చేతివేళ్ళకు ఏమీ చెప్పదు. పాత యంత్రాల ఉబ్బెత్తు మీటలతో పాటు వారి స్వతంత్రత కొంత పోయింది. గాలిలో బ్రెయిలీ చుక్కలను అతిధ్వనితో రూపొందించి అంధులచేత చదివించిన ప్రయోగం 2020లో ప్రచురితమైంది. ఆ దారిలో పని ముందుకు సాగాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

అంటువ్యాధుల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. తాకని తెర వచ్చిందని చేతులు కడుక్కోవడం మానరాదు. వైద్యుల చేతుల ద్వారా బాలింతలకు ప్రాణాంతకమైన జ్వరం సంక్రమిస్తున్నదని వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తించి, చేతులు కడిగించినది 1847లో. ఆ పాఠానికి కాలదోషం పట్టలేదు. టోకెన్ యంత్రాన్ని తాకకపోయినా తలుపు పిడి, లిఫ్టు మీట, బల్ల అంచు, మన సెల్‌ఫోను అలాగే ఉన్నాయి.

ఎవరి వేలికి తెలియదు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మధుమేహ రోగుల పాదాలను పరీక్షించేటప్పుడు వైద్యులు ఒక ట్యూనింగ్ ఫోర్కును మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. అది సెకనుకు 128 సార్లు కంపిస్తుంది. ‘అదురు తెలుస్తోందా? ఎప్పుడు ఆగింది?’ అని అడుగుతారు. నా వృత్తిజీవితంలో ఆ ప్రశ్నకు ‘ఏదో చల్లగా తగిలింది డాక్టరుగారూ, అదురేమీ లేదు’ అనే సమాధానం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వారిలో చాలామందికి అప్పటివరకు తమకు ఏదైనా లోపం ఉన్నదన్న సంగతే తెలియదు. కంపన జ్ఞానాన్ని మోసే పెద్ద నాడీతంతువులు మధుమేహంలో దెబ్బతింటాయి. ఆ నష్టం పాదాలలో మొదలై, ముదిరినకొద్దీ చేతులకు పాకుతుంది.

2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. అందరికీ నాడులు దెబ్బతినవు. అయితే కారణం మధుమేహం ఒక్కటే కాదు. వయసు పైబడిన కొద్దీ పాసీనియన్ కణికల సంఖ్య తగ్గుతుంది. అరవై ఐదు దాటినవారి వేళ్ళకు కంపనం తెలియాలంటే యువకులకన్నా ఎక్కువ తీవ్రత కావాలి. బి12 విటమిన్ లోపంలో కూడా కంపన జ్ఞానం దెబ్బతింటుంది. మాంసాహారం, పాలు తీసుకోనివారిలోను, మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారిలోను ఈ లోపానికి అవకాశం ఎక్కువ. కుష్ఠువ్యాధి సోకినవారు, మణికట్టు దగ్గర నాడి ఒత్తుకుపోయినవారు, కొన్ని కాన్సర్ మందులు తీసుకున్నవారు కూడా ఈ జాబితాలో ఉంటారు. పార పట్టి, గొడ్డలి పట్టి కాయలు కాచిన అరచేతులకు సున్నితమైన స్పర్శ మందగిస్తుంది.

ఇప్పుడు ఒక దృశ్యాన్ని ఊహించండి. డెబ్బై ఏళ్ళ రైతు, ఇరవై ఏళ్ళుగా మధుమేహం, చదువు అంతంతమాత్రం. ఆసుపత్రిలో గాలి మీట తప్ప మరొకటి లేదు. వేలు చాచి నిలబడతాడు. యంత్రం కబురు పంపుతుంది, అతని వేలికి అది అందదు. మళ్ళీ మళ్ళీ వేలు ఆడిస్తాడు. వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. తనకే చేతకాలేదని ఆయన సిగ్గుపడి పక్కకు తప్పుకుంటాడు. అతని నాడులలోని రోగాన్ని అజ్ఞానంగా లెక్కగట్టిన యంత్రం అక్కడ నిలబడి ఉంటుంది. ఇటువంటి పరికరాలను ఆరోగ్యవంతులైన యువకుల చేతుల మీద మాత్రమే పరీక్షించి ఆసుపత్రి గుమ్మంలో నిలిపితే జరిగేది ఇదే.

చెవుల సంగతి

మరొక ప్రశ్న కూడా అడగాలి. తరంగాలు కలిసే బిందువు దగ్గర ధ్వని తీవ్రత 150 డెసిబెల్స్ దాటవచ్చు. అక్కడ ఉన్నది చేయి, చెవి కాదు. బిందువుకు దూరమైన కొద్దీ తీవ్రత తగ్గుతుంది. కనుక భయపడనవసరం లేదు, కానీ కొలవడం అవసరం. గాలిలో వ్యాపించే అతిధ్వనికి సంబంధించి అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం 1984లో తాత్కాలిక మార్గదర్శకాలు ప్రకటించింది. 25 కిలోహెర్ట్జ్, అంతకు పైబడిన ధ్వనులకు సాధారణ ప్రజల విషయంలో 100 డెసిబెల్స్ హద్దుగా సూచించింది. ఇటువంటి హద్దులకు ఆధారమైన పరీక్షలు చాలావరకు కొద్దిమంది వయోజన పురుషుల మీద జరిగినవేనని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయ ధ్వనిశాస్త్రవేత్త తిమొతీ లైటన్ 2016లో ఎత్తి చూపారు. పిల్లల చెవులు పెద్దల చెవులకన్నా ఎక్కువ పౌనఃపున్యాలను వినగలవని మనకు తెలుసు.

మన ఆసుపత్రులలో ఆ పలక ఎదుట నిలబడే అమ్మ చంకలో బిడ్డ ఉంటుంది. మీట ఎత్తుకు సమానంగా ఆ బిడ్డ చెవి ఉంటుంది. నిలబడగలిగిన పిల్లవాడైతే పలక అంచున గడ్డం ఆనించి చూస్తాడు. కొలత తీయవలసినది అక్కడ. ఇక కుక్కలు సుమారు 45 కిలోహెర్ట్జ్ వరకు వినగలవు. అంధులకు దారి చూపే శిక్షణ పొందిన కుక్కలున్న దేశాలలో ఈ విషయాన్ని విస్మరించరాదు.

చేయి పట్టుకోవడం వేరు

దూరాన ఉన్న ఆత్మీయుల స్పర్శను ఈ యంత్రం అందిస్తుందనే ఆశలు కూడా వినిపిస్తున్నాయి. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో మరియానా ఓబ్రిస్ట్ బృందం 2015లో అరచేతి మీద గాలి స్పర్శలతో భావోద్వేగాలు తెలియజేయడాన్ని అధ్యయనం చేసింది. బొటనవేలి చుట్టూ చురుకైన తాకిడులు ఉత్సాహాన్ని, చిటికెన వేలి వైపు నెమ్మదైన స్పర్శ విచారాన్ని సూచించినట్టు గమనించింది. పరిశోధనగా ఇది ఆసక్తికరమైనది. కానీ ప్రేమగా నిమిరినప్పుడు స్పందించే ప్రత్యేక నాడీతంతువులు ప్రధానంగా రోమాలున్న చర్మంలో, అంటే ముంజేయి, వీపు వంటి చోట్ల ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, వెచ్చని చేతితో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. అరచేతిలో 200 సార్లు అదిరే చల్లని గాలి వాటి భాష మాట్లాడదు.

స్పర్శ శక్తి ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత వల్ల, తక్కువ బరువుతో పుట్టిన శిశువులను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే పద్ధతిని ఎడ్గర్ రే అనే వైద్యుడు ప్రారంభించారు. దానినే నేడు కంగారూ సంరక్షణ అంటున్నాం. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే ఫలితం ఎలా ఉంటుందో భారత్‌తో సహా ఐదు దేశాలలో జరిగిన అధ్యయనం 2021లో వెల్లడించింది. మొదటి 28 రోజుల మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అక్కడ పనిచేసినవి తల్లి వెచ్చదనం, పాలు, సన్నిహిత పర్యవేక్షణ. ఏ పలకా వాటిని ఇవ్వలేదు.

ఏమి కోరాలి?

ఈ సాంకేతికతను కొనే ఆసుపత్రి యాజమాన్యాలను, ప్రభుత్వ శాఖలను మనం నాలుగు విషయాలు కోరవచ్చు. మొదటిది, గాలి మీట పక్కనే చేతితో నొక్కే మీట, తెలుగులో పలికే స్వరం ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా అందరికీ అందుబాటునే ఆశిస్తోంది. రెండవది, కొనేముందు వృద్ధుల చేత, మధుమేహ రోగుల చేత, కూలి పని చేసేవారి చేత దానిని పరీక్షింపజేయాలి. మూడవది, చంటిబిడ్డ చెవి ఎత్తులో ధ్వని తీవ్రతను కొలిచి ఆ అంకెను యంత్రం మీదే రాయాలి. నాలుగవది, యంత్రం వచ్చిందని అక్కడ కూర్చుని దారి చెప్పే మనిషిని తీసివేయరాదు. నాలుగింటిలో ఖర్చు తక్కువైనదీ, మేలు ఎక్కువైనదీ ఆ నాలుగవదే అని నా నమ్మకం.

పాఠకులుగా మీరు చేయవలసిన పని కూడా ఒకటుంది. మీకు మధుమేహం ఉంటే ఏడాదికి ఒకసారి పాదాలలో కంపన పరీక్ష చేయించుకోండి. ట్యూనింగ్ ఫోర్కుతో నిమిషాలలో అయిపోయే పరీక్ష అది. డాక్టరుగారు చేయకపోతే మీరే మర్యాదగా అడగండి. గాలిలోని మీట మీ వేలికి తెలియకపోతే నష్టం ఒక టోకెనే. కాలికింది ముల్లు తెలియకపోతే జరిగే నష్టం పాదాన్నే పోగొట్టవచ్చు.

ఆయురారోగ్యాలతో వర్ధిల్లండి.